పరోపకారపు తపాలాబిళ్లలు

తపాలాబిళ్ల యనగా ఉత్తరము చేరవేసినందులకు మనము చెల్లించు కూలికి గుర్తు. సామాన్యముగా దానియందు అంతకు మించిన యర్థము లేదు. కాని కొన్ని బిళ్లలలో ఈ కూలితోపాటు మరియొక చిన్న నాణెము చేరియుండును. ఆ నాణెము తపాలాశాఖకు చెందినది కాదు. గాయపడిన సైనికునకో, వరదలో ఇల్లు కోల్పోయినవానికో, పరదేశమున తలదాచుకొన్న కాందిశీకునకో చెందినది. ఇట్టి బిళ్లలను చేర్చుట పిల్లల వినోదమని పెక్కుమంది తలంతురు. నిజమునకు అవి చరిత్రకు సాక్ష్యములు. ఒక దేశము తన దీనులను తలచుకొన్న దినము లేవో, ఆ భారమును ఎవరి భుజములపై మోపినదో అవి తెలుపును.

ఈ యాచారమునకు వయస్సెక్కువ లేదు. ఆస్ట్రేలియాలోని న్యూసౌత్‌వేల్సు ప్రభుత్వము 1897లో, విక్టోరియా రాణి అరువదియేండ్ల పాలనోత్సవ సందర్భమున, క్షయరోగుల గృహమునకై రెండు బిళ్లలను వెలువరించెను. అందు ఒక పెన్నీ బిళ్లకు వెల ఒక షిల్లింగు. అనగా పండ్రెండు రెట్లు. ఇష్టమున్నవారు కొనిరి, లేనివారు మామూలు బిళ్లతోనే ఉత్తరము పంపుకొనిరి. దానము దాత యిచ్ఛకు విడువబడినది.

యూరపులో ఈ పద్ధతి బలముగా వేరూనిన రాజ్యములలో యుగోస్లావియా యొకటి. 1918లో సెర్బులు, క్రొయేటులు, స్లొవీనుల రాజ్యముగా పుట్టి, 1929లో యుగోస్లావియా యను పేరు దాల్చి, 1991-92లో విచ్ఛిన్నమై, 2003లో ఆ పేరును గూడ కోల్పోయిన దేశమది. యుద్ధమున అంగహీనులైన సైనికులకొరకు 1921లో అది మూడు బిళ్లలను ముద్రించి, వానిని రెట్టింపు వెలకు విక్రయించెను. ఒకదానిపై కొసొవో రణరంగమున గాయపడిన వీరుని దాహము తీర్చు కన్య బొమ్మ కలదు. 1926లో డాన్యూబు నది వరదలకు లోనైనవారికై, వాడుకలోనున్న బిళ్లలపైననే అదనపు సొమ్మును అచ్చొత్తిరి. ఇంతవరకు కొనుట కొనకుండుట ప్రజల యిష్టమే. 1933లో పద్ధతి మారెను. సెప్టెంబరులో ఒక వారముపాటు దేశములోపలి ఉత్తరములపై రెడ్‌క్రాసు సంఘపు బిళ్లను తప్పక అతికింపవలెనని శాసించిరి. నాడు మొదలైన నిర్బంధము రెండవ ప్రపంచయుద్ధానంతరమును పెక్కేండ్లు కొనసాగినది.

ఇచట ఆలోచింపదగిన ప్రశ్న యొకటి పుట్టుచున్నది. నిర్బంధముగా గైకొన్నది దానమగునా, పన్నగునా? దాత మనస్సును గూర్చి మన శాస్త్రకారులు విస్తరించి చెప్పిరి. శ్రద్ధ లేని దానము దాతకు ఫలమియ్యదు. కాని పుచ్చుకొనువాని పక్షమునుండి చూచినచో, ఆకలిగొన్నవాని కడుపు దాత శ్రద్ధను అడుగదు. ఈ రెండు మాటలును నిజములే. ఈ చిక్కు మన సీమకును అనుభవమునకు వచ్చినదే.

1876-78 నాటి మహాక్షామమున ఆదవాని ప్రాంతము బళ్లారి జిల్లాలోనిది. అది కర్నూలు జిల్లాలో చేరుట 1953లో ఆంధ్రరాష్ట్ర మేర్పడినప్పటి మాట. బళ్లారి, కర్నూలు జిల్లాలు రెండును ఆ క్షామమున ఘోరముగా నష్టపడినవి. 1871, 1881 సంవత్సరముల జనాభాలెక్కలను పోల్చిచూచిన ఆ లోటు కనబడును. నాడు పరోపకారపు బిళ్ల యెచ్చటను లేదు. 1877లో లండను నగర మేయరు తెరచిన నిధికి చందాలు వచ్చినవి. చెన్నపురి సహాయసంఘము వానిని పంచెను. ఆ సంఘ కార్యదర్శి విలియం డిగ్బీ దాని చరిత్రను రెండు సంపుటములుగా వ్రాసెను. చందాపట్టీలో దాత పేరుండును. కావున అట్టి దానము ఘనుల దానముగా చరిత్ర కెక్కును.

1971లో ఇందుకు విపరీతము జరిగెను. తూర్పు పాకిస్తానమునుండి దాదాపు ఒక కోటి కాందిశీకులు మన దేశమునకు వచ్చిరి. నవంబరు 15వ తేదీనుండి ఉత్తరములపై 5 పైసల కాందిశీక సహాయపు బిళ్ల అదనముగా అతికింపవలసి వచ్చెను. క్రొత్త బిళ్ల సిద్ధముగా లేనందున, కుటుంబ నియంత్రణ బొమ్మగల 5 పైసల బిళ్లపైననే అక్షరములను అచ్చొత్తిరి. అవియు చాలనిచోట్ల స్థానికముగా ముద్రలు వేసికొనిరి. ప్రత్యేకమైన బిళ్ల డిసెంబరు 1న వెలువడెను. ఆదవాని ప్రత్తివర్తకుని లకోటా యైనను, ఎమ్మిగనూరి నేతగాడు కొడుకునకు పంపిన ఉత్తరమైనను చెల్లించినది ఒక్కటే 5 పైసలు. ఇందులో గొప్పతనమును కలదు, లోపమును కలదు. పేరు లేని కోట్లకొలది జనులు దాతలైరి, ఇది గుప్తదానము. కాని కలవానికిని లేనివానికిని ఒకే భారము న్యాయము కాదు. మరియు కాందిశీకులలో అధికభాగము 1972లోనే స్వదేశమునకు మరలినను, ఈ వసూలు 1973 మార్చి 31 వరకు సాగెను. నిర్బంధ దానమునకు ఆరంభమునందు కరుణ కారణమైనను, దాని ముగింపును కనిపెట్టి యుండవలసినవారు ప్రజలే.

కనుక బిళ్లలు చేర్చువారికి ఒక మనవి. ముద్రపడని క్రొత్త బిళ్ల అందముగా నుండును గాని, అది యెవరి ఉత్తరమునకును తోడుపోలేదు. తపాలాముద్ర పడిన లకోటా ఊరిని, దినమును, మామూలు కూలిని, దానిప్రక్క ఆ చిన్న దానమును ఒక్కచోట చూపును. బడిపిల్లలు బిళ్లను నీట నానబెట్టి ఊడదీసినచో ఈ సాక్ష్యమంతయు చెదరిపోవును. యుగోస్లావియా బిళ్లకైనను, మన కాందిశీక సహాయపు బిళ్లకైనను ఇదే న్యాయము.

ఆదవానిలోను ఎమ్మిగనూరిలోను పాత పెట్టెలలో 1971-73 నాటి ఉత్తరములు ఇంకను ఉన్న యిండ్లుండవచ్చును. వానిని చిత్తుకాగితములవానికి తూకమునకు వేయకమునుపు ఇంటివారు ఒక్కసారి విప్పి చూతురు గాక. లకోటాను చింపక, పిల్లలను దగ్గర కూర్చుండబెట్టుకొని, ఈ 5 పైసలు ఎవరికొరకు ఇయ్యబడెనో చెప్పుదురు గాక. తమ తాతలు ఎరుగనివారి ఆకలికి ఒక నాణెము పంపిరని తెలిసికొన్న బిడ్డకు, రేపు ఇచ్ఛాపూర్వకముగా ఇచ్చుటకు వేరుగా శాసన మక్కరలేదు.