వేట తూటాకు సర్కారు కొలత

సూరత్ అనగానే మనకు చీరలు గుర్తొస్తాయి. తెలంగాణ జిల్లాల నుంచి మగ్గం పని వెతుక్కుంటూ వెళ్ళి అక్కడే స్థిరపడిన పద్మశాలి కుటుంబాలు ఎన్నో ఉన్నాయి కనుక ఆ ఊరు మనకు పరాయిది కాదు. జరీ, పత్తి, ఈ మధ్య వజ్రాల సాన. అయితే నాలుగు వందల ఏళ్ళ కిందట ఆ రేవు నుంచి ఓడలెక్కిన సరుకుల్లో ఇంకొకటి ఉండేది: సురేకారం.

1612 చివర్లో సూరత్ పక్కన సువాలీ దగ్గర ఈస్టిండియా కంపెనీ కెప్టెన్ థామస్ బెస్ట్ పోర్చుగీసు ఓడలను నిలువరించాక, మరుసటి ఏడు ఆ కంపెనీకి సూరత్‌లో గిడ్డంగి పెట్టుకునే అనుమతి దొరికింది. నీలిమందు, నూలు బట్టల కోసమే వాళ్ళు వచ్చారు. కాని తుపాకిమందులో నాలుగింట మూడొంతులు సురేకారమే, మిగతాది బొగ్గు, గంధకం. ఐరోపాలో పశువుల కొట్టాల మట్టి గీకి, వండి, చాలీచాలకుండా తీసుకునే ఈ ఉప్పు మన నేలల్లో పుష్కలం. అహ్మదాబాదు, ఆగ్రా వైపు నుంచి సూరత్‌కు బళ్ళ మీద చేరేది. ఓడ అడుగున బరువుకూ పనికొచ్చేది కాబట్టి ఏ రకంగా చూసినా లాభసాటి బేరమే. తరువాత బీహారు సురేకారం ముందుకొచ్చి సూరత్ వాటా తగ్గిపోయింది.

ఇక తుపాకిమందు పేలిన అడవుల సంగతి. సూరత్ దగ్గర సముద్రంలో కలిసే తపతి నదిని పట్టుకుని ఎగువకు వెళితే ఖాందేశ్, బుర్హాన్‌పూర్, నిమాడ్, సాత్పురా కొండలు వస్తాయి. పక్కనే డాంగ్ అడవులు. ఇదంతా ఒకప్పుడు పులుల రాజ్యం. 1830లో డాంగ్ భిల్లు నాయకుల మీదికి దండు నడిపిన కంపెనీ సైన్యాధికారి జేమ్స్ ఔట్రమ్ ఖాందేశ్‌లో పేరుమోసిన వేటగాడు కూడా. ఆ రోజుల్లో వేటగాడికి కొన్న తూటా అంటూ లేదు. తన తూటాను తానే గొట్టంలో పోసుకోవాలి. కొమ్ముబుర్రలోంచి మందు కొలిచి పోయడం, గుడ్డపేలికలో చుట్టిన సీసపు గుండును కడ్డీతో దట్టించడం, నిప్పు రాజేసే చిన్న లోహపు కప్పు (క్యాప్) పెట్టి గురిచూడడం. ఈ రోజు అమెరికాలో కొందరు ఇంట్లో బల్లమీద తూటాలు తయారుచేసుకోవడాన్ని గొప్ప కళగా చెప్పుకుంటారుగాని, మన నాటు తుపాకీ వాళ్ళకు అది కళ కాదు, గత్యంతరం లేని పని.

ఆ పనిని నిజంగా ఆలోచించి చేసినవాడు ఒకడున్నాడు. జేమ్స్ ఫోర్‌సిత్. నిమాడ్‌లో భూమిశిస్తు సెటిల్‌మెంట్ అధికారిగా పనిచేసిన సైనికుడు. వేట తుపాకి, దాని గుండు అన్న విషయం మీద 1863లోనే పుస్తకం రాశాడు. అతని వాదన వినదగ్గది. గొట్టం లోపల చుట్లు తిరిగే గాడులు గుండుకు తిరుగుడునిస్తాయి. ఇంగ్లాండులో చాందమారీ తుపాకులకు ఆ గాడులు బిగుతుగా, వడిగా తిరిగేవి. దూరం గురికి అవి మేలే. కాని అడవిలో పొద వెనకనుంచి పులి లేచేది వంద గజాల లోపల. అక్కడ కావలసింది ఎత్తుపల్లాలు లెక్కవేసే పనిలేకుండా సూటిగా పోయే బరువైన గుండు. సూటిగా పోవాలంటే మందు ఎక్కువ పోయాలి. మందు ఎక్కువైతే బిగుతు గాడుల్ని పట్టుకోలేక గుండు వాటి మీదుగా జారిపోతుంది. అందుకని గాడుల్ని మెల్లగా తిప్పండి, మందు దండిగా పోయండి అన్నాడు ఫోర్‌సిత్. జంతువును, దూరాన్ని, అడవిని చూసి తుపాకిని నిర్ణయించిన మనిషి అతను. 1871లో చనిపోయాడు. నా మటుకు ఈ కథలో నాయకుడు అతనే.

ఎందుకంటే అతని తరువాత మన దేశంలో తూటా కొలతను జంతువు నిర్ణయించలేదు. సర్కారు భయం నిర్ణయించింది.

ఇత్తడి తొడుగు తూటాలు, పొగరాని కార్డైట్ మందు వచ్చాక వేట రూపు మారిపోయింది. 1898లో లండన్ తుపాకుల వ్యాపారి జాన్ రిగ్‌బీ .450 నైట్రో ఎక్స్‌ప్రెస్ తెచ్చాడు. 480 గ్రెయిన్లు, అంటే దాదాపు 31 గ్రాముల గుండు, సెకనుకు 2,150 అడుగుల వేగం. ఏనుగుకైనా అడవిదున్నకైనా సరిపోయే దెబ్బ. ఇండియాలోని దొరలూ జమీందార్లూ ఎగబడి కొన్నారు.

ఇక్కడే కథ అడ్డం తిరిగింది. ఆంగ్ల సైన్యం పక్కనపెట్టిన పాత మార్టినీ-హెన్రీ తుపాకులు దేశమంతా, ముఖ్యంగా వాయవ్య సరిహద్దులో, చేతులు మారుతున్నాయి. వాటి గొట్టమూ .450 అంగుళమే. వేట తూటా నేరుగా అందులో పట్టదు. అయినా దాని గుండు ఊడబెరికి, పాత తొడుగులో మందు పోసి, తిరుగుబాటుదారులు తూటాలు చేసుకుంటారేమోనని సర్కారు బెదిరింది. 20వ శతాబ్దం మొదటి దశకంలో ఇండియాలోనూ సూడాన్‌లోనూ .450 తూటాలను నిషేధించింది. చేతితో తూటా నింపుకునే పల్లె పనివాడి మీద సామ్రాజ్యానికి అంత నమ్మకం!

తుపాకుల కంపెనీలు ఊరుకుంటాయా? ఉన్న ఇత్తడి తొడుగును తీసుకోవడం, దాని మెడ సన్నంచేసి మరో కొలత గుండు కూర్చోబెట్టడం. అమెరికా వేటగాళ్ళు తమ గ్యారేజీల్లో చేసే ఈ పనికి ఇవాళ వైల్డ్‌క్యాట్ అని పేరు. ఏ కంపెనీ తయారుచేసి అమ్మని, సొంతంగా కల్పించుకున్న తూటా అన్నమాట. అక్కడ ఇంట్లో పుట్టిన .22-250 రకాన్ని 1965లోనూ, .25-06ను 1969లోనూ రెమింగ్టన్ కంపెనీ తన సొంతం చేసుకుంది. మన విషయంలో అదే పని లండన్ కంపెనీలు సర్కారు కంట్లో పడకుండా ఉండడానికి చేశాయి. హాలండ్ అండ్ హాలండ్ .500 తొడుగు మెడను .465కు కుదించి .500/465 తెచ్చింది. జోసెఫ్ లాంగ్ .470 ముందుకొచ్చింది. ఇంకా .475, .476. దెబ్బలో తేడా దాదాపు లేదు, పేరులో అంకె మారిందంతే. ఆఫ్రికాలో ఈ రోజుకీ ఏనుగు వేటకు పేరున్న .470 విస్తృతంగా అమ్ముడుపోవడం వెనుక ఇండియా నిషేధం ఉందని చాలామంది వేటగాళ్ళకు తెలియదు.

అంకెలు సర్కారు చూసుకుంది సరే, వేటగాడు ఎంచుకోవలసినవి వేరే ఉన్నాయి. కార్డైట్ వేడికి రెచ్చిపోతుంది. ఇంగ్లాండు చలిలో సరిగ్గా పేలిన తూటా మే నెల ఎండకు కాగితే ఒత్తిడి పెరిగి, ఖాళీ తొడుగు గొట్టంలోనే ఇరుక్కుపోయేది. గాయపడ్డ పులి ఎదురుగా ఉంటే అది ప్రాణం మీదికి వచ్చినట్టే. అందుకే ఉష్ణదేశాలకని మందు కాస్త తగ్గించి నింపిన తూటాలు విడిగా అమ్మేవారు. ఇక గుండు సంగతి: తోలు మందమైన ఏనుగుకు గట్టి గుండు, పులికి ముక్కు మెత్తని గుండు. ఆ మెత్తముక్కు గుండు కలకత్తా పక్క డమ్‌డమ్ ఆయుధాగారం పేరుమీద యుద్ధంలో అపఖ్యాతి తెచ్చుకుని 1899 హేగ్ ప్రకటనతో నిషిద్ధమైంది. జంతువుల తరఫున ఏ సమావేశమూ మాట్లాడలేదు.

మన వైపు చూస్తే, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ పులివేటలు లాలా దీన్ దయాళ్ ఫొటోల్లో నిలిచిపోయాయి. అప్పటి చిత్తూరు జిల్లా చామల లోయలో, మామండూరులో తిరిగిన వేటకథల రచయిత కెన్నెత్ అండర్సన్ అమెరికా .405 వించెస్టర్‌తో సరిపెట్టుకున్నాడు.

సర్కారు భయం వట్టిదేమీ కాదని కూడా మన మన్యమే చూపించింది. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు దండు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు ఠాణాల మీద పడింది ముందుగా తుపాకులు, తూటాల కోసమే.

అదే భయంతో సైన్యం వాడే .303 తూటా జనానికి దక్కకుండా చేశారు. దాని బదులు ఆస్ట్రియా సైన్యపు పాత 8 మిల్లీమీటర్ల తూటాను .315 పేరుతో బర్మింగ్‌హామ్ తుపాకులకు తగిలించి ఇక్కడికి పంపారు. స్వాతంత్ర్యం వచ్చింది, ఆ కొలత మాత్రం పోలేదు. ఇషాపూర్ ఫ్యాక్టరీ అదే .315 రైఫిల్ తయారుచేసింది. 1878 నాటి ఆయుధాల చట్టాన్ని తిట్టిన మనం 1959లో రాసుకున్న చట్టంలోనూ లైసెన్సు లేకుండా తూటా తయారీ నేరమే. ఆ తరువాత 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను చాలావరకు ముగించింది. బ్రిటిషు కాలంలో సూరత్ ఏజెన్సీలో ఉండిన వాంస్‌దా సంస్థానం రాజుగారి సొంత అడవి 1979లో జాతీయ ఉద్యానమైంది. అక్కడ ఇప్పుడు చిరుతలున్నాయి.

పాత జమీందారీ ఇళ్ళల్లో, అటక మీది ట్రంకు పెట్టెల్లో ఇప్పటికీ తాతల నాటి తూటాలు బయటపడుతుంటాయి. మీకు దొరికితే సుత్తితో కొట్టి, విప్పి చూడకండి. అందులోని మందు ఎంత పాతదైనా పేలవచ్చు. పైగా లైసెన్సు లేకుండా పేలే తూటా ఒక్కటి దగ్గరున్నా 1959 చట్టం కింద నేరమే. దగ్గరి పోలీసు స్టేషన్‌కు కబురుచేసి అప్పగించి, రసీదు తీసుకోండి.