బాయిలరు గోడకు అతికిన ముక్క

బాయిలరులో పుట్టిన ఆవిరి నలుదిక్కులకు గోడను త్రోయుచుండును. కనుక గోడ దళసరిని గురించి, ఉక్కు బలమును గురించి అందరును ఆలోచింతురు. కాని బాయిలరును నిలుపుటకు కాళ్లు, గొట్టములను పట్టుటకు బ్రాకెట్లు, ఎత్తుటకు కొక్కెములు కూడ ఆ గోడకే అతుకవలసియుండును. వీనిలో ఆవిరి ఉండదు గదా, ఏ ఇనుపముక్కయైన చాలదా?

1863లో కలకత్తాలో ఒక బాయిలరు ప్రేలి కొందరు మరణించిరి. మరుసటి ఏడే బంగాళములో బాయిలర్ల తనిఖీకి చట్టము చేయబడినది. బ్రిటిషు ఇండియాకు ఒకే చట్టము 1923లో వచ్చినది. దాని స్థానమున 2025లో క్రొత్త చట్టము వచ్చినది. తొలినాళ్లలో రేకులను రివెట్లతో కలిపెడివారు. రివెట్టు రెండు రేకులను బిగించునే కాని ఒకటి చేయదు; ఒక రేకులోని పగులు సాధారణముగా అంచువద్దనే ఆగిపోవును. వెల్డింగులో రెండు లోహములును కరిగి ఒకటే యగును. ముక్కలో పుట్టిన పగులు గోడలోనికి పోవుటకు దారి ఏర్పడును.

అందుచేత అమెరికా మెకానికల్ ఇంజనీర్ల సంఘపు పీడనపాత్రల నియమావళి ఇట్లు చెప్పుచున్నది: అతికెడి ముక్క గోడ ఉక్కువంటిదే కానక్కరలేదు, కాని వెల్డింగుకు తగినదై తీరవలెను. కర్బనము 0.35 శాతము మించిన ఉక్కును వెల్డింగు నిర్మాణములో వాడరాదు. ఏల? అట్టి ఉక్కు వెల్డింగు వేడికి కాగి, ప్రక్కనున్న చల్లని లోహము ఆ వేడిని లాగివేయగానే, కొలిమిలో కాల్చి నీట ముంచిన కత్తివలె గట్టిపడి పెళుసగును. తేమనుండి వచ్చిన హైడ్రోజను చేరినచో పగులును.

వ్యాకోచమును కూడ చూడవలెను. ఉష్ణోగ్రత 300 డిగ్రీలు పెరిగినప్పుడు మీటరు పొడవుగల మామూలు ఉక్కు సుమారు 3.6 మిల్లీమీటర్లు సాగును. నికెలు కలిసిన తుప్పుపట్టని ఉక్కు సుమారు 5.1 సాగును. ఈ భేదమునంతను అతుకే భరింపవలెను.

1980 మార్చి 27న ఉత్తర సముద్రమున అలెగ్జాండర్ కీలాండ్ అను తేలుడు వేదిక తలక్రిందులై 123 మంది మరణించిరి. అది బాయిలరు కాదు, కాని పాఠము ఒక్కటే. ధ్వనిపరికరమును అమర్చుటకై ఒక ఊతగొట్టమునకు చిన్న భాగమును 6 మిల్లీమీటర్ల వెల్డుతో అతికిరి. అది బరువు మోయునది కాదు. దాని లోహములో పొరలు విడిన చీలికలును, వెల్డులో పగుళ్లును ఉన్నట్లు విచారణలో తేలినది. అక్కడ బయలుదేరిన పగులు అలల తాకిడికి పెరిగి ఊతగొట్టమునే త్రెంచినది.

మన చిల్కానగర్ నుండి నాచారము, మల్లాపూర్ మీదుగా పోయినచో, 1971లో స్థాపితమైన న్యూక్లియర్ ఫ్యుయల్ కాంప్లెక్సు వచ్చును. అక్కడ భారజల రియాక్టర్లకు యురేనియము నింపిన సన్నని జిర్కలాయ్ గొట్టములను కట్టలుగా చేయుదురు. గోడ దళసరి అర మిల్లీమీటరు కూడ ఉండదు. గొట్టములు ఒకదానినొకటి తాకకుండ వానిపై చిన్న మెత్తలను అతుకుదురు. కెనడాలో బెరిలియముతో టంకము వేయు పద్ధతి వాడుకలోనికి రాగా, ఇక్కడ విద్యుత్తుతో వెల్డింగు చేయుదురు. ఆ మెత్తలు కూడ జిర్కలాయే. అవి ఎడము ఉంచుటకే. అయినను వాని లోహమును గొట్టమునకువలెనే ఎంచి తీసికొందురు. అతికిన క్షణమునుండి ఆ ముక్కయు గోడలో భాగమే గదా!