ఆలంపురంలో అంకెలు వేసిన రాళ్ళు

చాలాకాలంగా అనుకుంటున్న ఆలంపురం ప్రయాణం ఎట్టకేలకు ఈ వేసవిలో కుదిరింది. కర్నూలు నుంచి తుంగభద్ర వంతెన దాటి, హైదరాబాదు రహదారి మీద కొంతదూరం వెళ్ళి, ఆలంపురం చౌరస్తా దగ్గర మళ్ళితే ఊరు వస్తుంది. వెంట మా అమ్మ ఉంది. నేను వెళ్ళింది శిల్పాలు చూడడానికి, అమ్మ వచ్చింది జోగులాంబ దర్శనానికి. తిరిగి వచ్చేటప్పుడు మాత్రం ఇద్దరమూ మాట్లాడుకున్నది మూడో విషయం గురించి. అందుకే ఈ టపా.

ముందు చరిత్ర. తుంగభద్ర పడమటి గట్టున ఉన్న ఈ క్షేత్రంలో నవబ్రహ్మల ఆలయాలున్నాయి. తారక, స్వర్గ, పద్మ, బాల, గరుడ, కుమార, అర్క, వీర, విశ్వ బ్రహ్మలు. పేరుకు బ్రహ్మలే గానీ అన్నింటా కొలువైనది శివుడే. బ్రహ్మ ఇక్కడ శివుని గూర్చి తపస్సు చేశాడని స్థలపురాణం. ఇవి రససిద్ధుల ఓషధుల పేర్లని మరికొందరి ఊహ. కట్టించినవారు బాదామి చాళుక్యులు, కాలం క్రీ.శ. 7, 8 శతాబ్దాలు. తారకబ్రహ్మను మినహాయిస్తే తక్కినవాటి శిఖరాలు ఉత్తరాది పద్ధతిలో వంపు తిరిగి, పైన ఉసిరికాయను పోలిన ఆమలకంతో ముగుస్తాయి. దక్షిణాది గోపురాలకు అలవాటుపడ్డ కంటికి ఒక్క క్షణం ఒరిస్సాలో ఉన్నామా అనిపిస్తుంది. వీటిలో స్వర్గబ్రహ్మ ఆలయం వినయాదిత్యుని కాలం (681-696) నాటిది. నా మటుకు నాకు అన్నిటిలోకీ అందమైనది అదే. మూలమూలనా నిలిచిన దిక్పాలకులను, రాతిని జల్లెడలా తొలిచిన కిటికీలను చూస్తూ మధ్యాహ్నం ఎండను కూడా మరచిపోయాను.

నిత్యపూజలతో కళకళలాడేది బాలబ్రహ్మ ఆలయం. అష్టాదశ శక్తిపీఠాలలో ఒకటైన జోగులాంబ గుడి 14వ శతాబ్దపు దండయాత్రలలో ధ్వంసమైన తరువాత, అమ్మవారి విగ్రహం శతాబ్దాలపాటు ఈ బాలబ్రహ్మ నీడలోనే ఉండిపోయింది. పాతచోట కొత్త గుడి కట్టి అమ్మవారిని తిరిగి ప్రతిష్ఠించినది 2005లో. ఆ పక్కనే షా అలీ పహిల్వాన్ దర్గా ఉంది. కూలిన గుడి, నిలిచిన గుడి, దర్గా, మళ్ళీ లేచిన గుడి, అన్నీ ఒక్క చూపులో ఇమిడిపోయే దూరంలోనే ఉన్నాయి. చరిత్రలో ఒక్క పుట చదివి మిగతావి చించేసేవాళ్ళకు ఈ ఊరు లొంగదు.

గుళ్ళ వెనక నది కనిపించదు. ఎత్తైన గోడ అడ్డంగా ఉంటుంది. మెట్లెక్కితే గానీ తుంగభద్ర కంటబడదు. ఆ గోడ శ్రీశైలం జలాశయపు వెనకనీళ్ళ నుంచి ఆలయాలను కాపాడడానికి కట్టినది. 1963లో నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆ ప్రాజెక్టు నిండు నీటిమట్టం 885 అడుగులు. 2009 అక్టోబరు వరదలలో నీరు దాన్ని కూడా మించి 896 అడుగులు దాటింది. కర్నూలుతోపాటు ఆలంపురమూ మునిగింది. గోడలకూ ఒక హద్దుంటుందని ఆనాడు తెలిసింది.

గోడ కట్టి కాపాడడానికి వీలులేనివాటిని విప్పి తరలించారు. కృష్ణా తుంగభద్రల సంగమంలో, కూడవెల్లిలో ఉండిన సంగమేశ్వరాలయాన్ని రాయి రాయికీ అంకె వేసి, ఊడదీసి, ఆలంపురం తెచ్చి మళ్ళీ పేర్చారు. పాపనాశి గుళ్ళను, ఇరవైకి పైగా ఉన్నవాటిని, అలాగే తరలించారు. రూపాల సంగమేశ్వరుడు కర్నూలు జగన్నాథగట్టు ఎక్కాడు. సప్తనదీ సంగమం దగ్గరి సంగమేశ్వరుడు మాత్రం కదలలేదు. వేపదారు లింగం ఆయనది. ఏటా నెలల తరబడి నీటికింద ఉండి, జలాశయం తగ్గినప్పుడు బయటపడి దర్శనమిస్తాడు.

కూడవెల్లి గుడి గోడల వెంట నడుస్తూ, పునర్నిర్మాణం ఎంత ఓపికతో జరిగిందో అమ్మకు వివరిస్తున్నాను. వెయ్యేళ్ళకు పైబడిన కట్టడాన్ని ఇలా బతికించుకోవడం సామాన్యమా అన్నాను. అమ్మ ఒక రాతిమీద చెయ్యి ఆనించి నిలబడింది.

"ప్రతి రాయికీ నెంబరు వేసినారా?"

"అవునమ్మా. లేకపోతే ఏది ఎక్కడ పెట్టాలో తెలియదు కదా."

"మా గడపకు ఎవురూ వేయలేదు నాయనా."

మా అమ్మమ్మగారి ఊరు ఆ నీటికింద ఉంది. దాదాపు వంద గ్రామాలు అలా పోయాయి. 1981 వేసవిలో పోలీసుల కాపలాతో ఇళ్ళు కూల్చి ఖాళీ చేయించారు. మా తాతయ్య తలుపులు, దూలాలు ఊడదీసి బండికెత్తి తెచ్చాడట. వాటికి తగిన ఇల్లు మళ్ళీ కట్టలేకపోయాడు. ముంపు కుటుంబాలకు ఉద్యోగాలిస్తామంటూ 1986లో జీ.ఓ. వచ్చింది. దాని నంబరు 98. ఆ అంకెను పట్టుకుని ఎందరో ఏళ్ళ తరబడి తిరిగారు. రాళ్ళకు వేసిన అంకెలు వాటిని వాటి చోటికి చేర్చాయి. మనుషులకు దొరికిన అంకె అంత పని చేయలేదు.

గుళ్ళను తరలించడం తప్పని నేననడం లేదు. ఆ రాళ్ళు మునిగిపోయి ఉంటే ఈ టపాయే ఉండేది కాదు. ఈ ఊరి చరిత్రకే జీవితాన్ని అంకితం చేసిన గడియారం రామకృష్ణశర్మగారి వంటివారికి మనం ఎంతో రుణపడి ఉన్నాం. ఆయన ఆత్మకథ 'శతపత్రము'కు మరణానంతరం 2007లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. నేననేది ఇంతే. శిల్పం చరిత్ర అయినప్పుడు గడపా చరిత్రే. దాన్నీ ఎవరో ఒకరు రాసిపెట్టాలి.

సాయంత్రం జోగులాంబ దర్శనమైంది. అమ్మవారి జటలలో బల్లి, తేలు, గబ్బిలం, కపాలం ఉంటాయి. ఇల్లు జీవకళ కోల్పోతే ముందు బల్లులు చేరతాయనీ, తరువాత తేళ్ళు, ఆపైన గబ్బిలాలు, చివరకు మరణమనీ, అలా కాకుండా కాచే గృహచండి ఈ తల్లి అనీ భక్తుల నమ్మకం. అమ్మ చాలాసేపు కళ్ళు మూసుకుని నిలబడింది. బయటికి వచ్చాక ఏం మొక్కుకున్నావని అడిగాను.

"మొక్కుకోలేదు. మా ఇంట్లోకి బల్లి కూడా చేరకముందే నీళ్ళొచ్చినాయి తల్లీ, అని చెప్పినాను."

ఇంటికి వచ్చి ఆ రాత్రే ఒక నోటుపుస్తకం తీశాను. అమ్మ చెబుతూంటే వాళ్ళ ఊరి వీధులు, బావులు, ఇళ్ళవాళ్ళ పేర్లు వరసగా రాసుకుంటున్నాను. ఒక్కో ఇంటికీ ఒక్కో అంకె వేస్తున్నాను. ఇప్పటికి 43 అయ్యాయి. మీలో ఎవరి ఊరైనా ఆ నీళ్ళలో ఉంటే, ఇంట్లో పెద్దవాళ్ళు ఉండగానే మీరూ రాయడం మొదలుపెట్టండి.