మన పల్లెల పాత వృత్తులు – కొత్త విశ్వాసము

ఈ శతవార్షిక సంచికకు ఒక చరిత్ర వ్యాసము వ్రాయవలసినదని పెద్దలు కోరినప్పుడు, మిషనెరీ దొరల పేర్లను, వారు కట్టించిన బంగళాల తేదీలను వరుసగా పేర్చుట మాకు సులభముగానే తోచెను. అయితే ఆ దొరలు వచ్చిన నాటికి మన తాతముత్తాతలు ఏ పని చేసి బ్రతుకుచుండిరి? విశ్వాసము మారినప్పుడు వారి కూటికి వచ్చినదేమి, పోయినదేమి? ఈ ప్రశ్నలకు మన సంఘపు దస్త్రములలో జవాబు తక్కువ. కనుక హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతపు పల్లెలను మనస్సునందుంచుకొని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మొదట నేల సంగతి. పెనుకొండ 1565 తరువాత విజయనగర రాజులకు రాజధాని అయినది. హిందూపురమునకు ఆ పేరు గుత్తి మురారిరావు తండ్రియైన హిందూరావు వలన వచ్చినదని చెప్పుదురు. ధర్మవరమునకు చిత్రావతి నీటితో నిండు పెద్ద చెరువు, పట్టుచీరలు రెండును పేరు తెచ్చినవి. 1800లో నైజాము ఈ సీమను ఇంగ్లీషు కుంపిణీకి ఇచ్చివేసెను. అందుచేతనే దత్తమండలము లన్న పేరు వచ్చెను. 1882లో బళ్లారి జిల్లా నుండి అనంతపురం జిల్లా విడివడెను. 2022 ఏప్రిల్‌లో ఈ మూడు ఊళ్లును శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినవి. ఏలుబడులు ఎన్ని మారినను వాన మాత్రము మారలేదు. ఏటికి సుమారు 22 అంగుళములు; అదియు వచ్చిన ఏడు వచ్చును, రాని ఏడు రాదు.

ఇట్టి సీమలో చెరువు, బావి – ఈ రెండే ఊరికి ప్రాణము. బావి నుండి నీరు తోడుటకు ఎద్దులు కట్టిన కపిల. ఆ కపిలకు తోలుబాన, తోలు తొండము, వారు కావలెను. తంగేడు చెక్కతో తోలును ఊనవేసి, బాన కుట్టి, చినిగినప్పుడు మరమ్మతు చేసి, రైతు కాళ్లకు చెప్పులు కూడ ఇచ్చినవారు మాదిగలు. ముతకబట్ట నేసినవారు, చెరువు తూము కాచి మడిమడికి నీరు పంచిన నీరుగంట్లు, ఊరికి కబురు మోసినవారు – వీరిలో మాలలు, మాదిగలు ఎందరో ఉండిరి. అనగా ఊరు త్రాగిన నీరు, తిన్న గింజ మన పెద్దల చేతుల మీదుగానే వచ్చినవి. అయినను వారి ఇండ్లు ఊరి వెలుపల. వారు తాకిన నీరు ఊరివారికి మైల!

ఈ పనికి నెల జీతము లేదు. పంట కళ్లమునకు వచ్చినప్పుడు రైతు కొలిచి ఇచ్చు మేరయే జీతము. పండితే మేర, పండకుంటే పస్తు. ఆ మేరతోపాటు కొన్ని విధులు కూడ ఉండెను: చచ్చిన పశువును ఈడ్చుట, చావునకు తప్పెట కొట్టుట, ఊరమ్మ జాతరలో దున్నపోతు బలినాడు ముందు నడచుట. కనుక మేర, తప్పెట, అమ్మవారు – ఈ మూడును ఒకే త్రాటికి వేసిన మూడు ముళ్లు. ఒకటి విప్పితే మిగిలినవి నిలువవు. ఈ సంగతి తెలిసికొననిదే మన పెద్దల విశ్వాసము యొక్క వెల మనకు తెలియదు.

ఇప్పుడు కొంచెము దూరము పోవలెను. 1795లో లండనులో ఒక మిషను సంఘము స్థాపింపబడెను. తరువాత లండను మిషనని మన పెద్దలు పిలిచినది దానినే. అది మొట్టమొదట పంపిన ఓడ పేరు డఫ్. ఆ ఓడ మన దేశమునకు రాలేదు. పసిఫిక్ మహాసముద్రములోని తహితి దీవికి 1797 మార్చిలో చేరెను. అచ్చటి జనుల జీవనము సీమపనస, కొబ్బరి, చేమదుంప, చేపల మీద. బట్ట అనగా స్త్రీలు చెట్టు బెరడును కొట్టి చేసిన బట్టయే. నాయక వంశములవారు గొప్పవారు, సామాన్యులు వారికి లోబడినవారు. ఎవరు ఏది తాకరాదో, ఏది తినరాదో శాసించు ‘తపు’ అను కట్టడి అందరి మీదను ఉండెను. మడి, మైల ఎరిగిన మనకు ఇది వింతగా తోచదు.

దొరలు అచ్చట ఏండ్ల తరబడి కష్టపడినను ఫలితము స్వల్పము. తరువాత పొమారె అను నాయకుడు క్రొత్త మతము వైపు తిరిగి, 1815లో యుద్ధము గెలిచి, 1819లో బాప్తిస్మము పొందెను. నాయకుని వెంట దీవి అంతయు నడచెను. పాత గుళ్లు పాడుపడెను. తహితి భాషకు బంధువైన భాష మాట్లాడు మడగాస్కరులో కథ వేరుగా మొదలైనది. అచ్చటి భాషలో బైబిలు 1835లో వెలువడినది. ఆ ఏడే రాణి ఆ మతమును నిషేధించగా అనేకులు ప్రాణములు కోల్పోయిరి. అయినను 1869లో మరియొక రాణి బాప్తిస్మము పొందినప్పుడు జనులు గుంపులుగా చేరిరి. రెండు చోట్లను మార్పు పై నుండి క్రిందికి దిగినది.

అదే మిషను 1805లో విశాఖపట్టణమునకు, 1810లో బళ్లారికి వచ్చెను. ఇచ్చట కూడ దొరలు మొదట పై వర్ణముల వారినే నమ్ముకొనిరి. బజారులలో ప్రసంగించిరి, బడులు పెట్టిరి. బిడ్డలను బడికి పంపినవారు అనేకులు. బాప్తిస్మమునకు వచ్చినవారు కొందరే. ఏ పొమారెయు ఇచ్చట లేవలేదు. మార్పు వచ్చినది పాలెముల నుండి, క్రింది నుండి పైకి.

1876 నుండి 1878 వరకు పట్టిన గొప్ప కరవు దత్తమండలములను పీల్చివేసినది. కరవులో గంజి కొరకే మతము మారిరని నేటికిని కొందరు ఎత్తిపొడుతురు. అందుకు ఒంగోలు చరిత్రయే తగిన జవాబు. అచ్చటి బాప్టిస్టు మిషను కరవు పనులు జరుగుచున్నంత కాలము బాప్తిస్మము ఇచ్చుట ఆపివేసెను. పనులు ముగిసిన తరువాతనే, 1878 జూలై 3న, ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. అంతకు ముందునుండియే అచ్చటి మాదిగ విశ్వాసులు ఆదివారము పని చేయము, చచ్చిన పశువు మాంసము తినము, విగ్రహములకు మ్రొక్కము అని నిలిచి, ఊరి పెద్దల కోపమునకు గురియైయుండిరి. గంజి కొరకు వచ్చినవారు గంజి పోసెడి చేతిని కాదనుదురా?

మా తాతగారు కపిలబానలు కుట్టినవారే. పెనుకొండకు దిగువనున్న ఒక పల్లెలో, బాప్తిస్మము పొందిన ఏడు, జాతరకు తప్పెట కొట్టనని ఊరి చావడిలో చెప్పిరట. ఎవరును ఆయనను కొట్టలేదు, తిట్టలేదు. కళ్లము నాడు మాత్రము చేట పట్టుకొని నిలబడిన మా అవ్వకు మేర కొలువలేదు. ఆ ఏడంతయు రాగి సంగటి ఒక్క పూటే. “నీ దేవుడు మంచివాడే గాని మన కుండ ఎవరు చూడవలె?” అని అవ్వ అడిగెనట. తాతగారు జవాబు చెప్పలేక, తెల్లవారి లేచి ధర్మవరం రైలు దారిలో మట్టిపనికి పోయిరి. మా కుటుంబములో రొక్కము కూలిగా తీసికొన్న మొదటి మనిషి ఆయనయే.

ఈ చిన్న సంగతిలో పెద్ద చరిత్ర ఉన్నది. మేర తెగినది గనుకనే మన బిడ్డలు బడికి పోయిరి. ఉపాధ్యాయులు, నర్సులు, రైల్వే పనివారు అయిరి. పాత వృత్తి కూడ ఎటులైనను నిలువకపోయెడిది. సీమ బట్ట వచ్చి ముతక మగ్గమును అణచెను. తహితిలో బెరడు బట్టకు పట్టిన గతియే ఇది. కరెంటు మోటారు వచ్చి కపిలను బావి గట్టున కూర్చుండబెట్టెను. ధర్మవరపు చేతిమగ్గమునకు నేడు మరమగ్గముతో పోరాటము. పెనుకొండ యొద్ద 2019 నుండి కార్లు తయారగుచున్నవి.

అయితే లెక్క ఇంతటితో తీరలేదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులముల హోదాను హిందువులకు మాత్రమే పరిమితము చేసెను. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చిరి, క్రైస్తవులను చేర్చలేదు. మన రాష్ట్రములో ఎస్సీల నుండి క్రైస్తవులైనవారు బి.సి. ‘సి’ వర్గములో ఉన్నారు. అందుచేత ఎన్ని కుటుంబములలో గుడి దస్త్రములో ఒక పేరు, బడి దస్త్రములో ఒక పేరు! వీరిని వేదికల మీదనుండి నిందించుట సులభము. మేము నిందింపము. మా అవ్వ అడిగిన ప్రశ్ననే వీరును అడుగుచున్నారు.

మన తప్పును కూడ ఒప్పుకొనవలెను. ఊరు మనలను వెలుపల ఉంచెనని బాధపడిన మనమే, మాలపల్లె గుడి, మాదిగపల్లె గుడి అని విడివిడిగా కూర్చుండలేదా? పెండ్లి మాట వచ్చినప్పుడు ‘వారు ఎవరు’ అని అడుగలేదా? తహితివారు తపును విడిచిరి. మన లోపలి తపు ఇంకను విడువలేదు.

కనుక సంఘస్థులకు మా విన్నపము ఒక్కటే. దొరల సమాధులకు సున్నము కొట్టించుడి, మంచిదే. దానితోపాటు మీ ఇంటి ముసలివారి యొద్ద ఒక సాయంకాలము కూర్చుండి, మేర పోయిన ఏడు ఏమి తిన్నారో అడిగి వ్రాసి పెట్టుడి. కపిలబాన కుట్టిన ఆ చేతులే మన సంఘమునకు పునాదిరాళ్లు ఎత్తినవి. వారి పేర్లు ఏ రాతి పలక మీదను లేవు. మన పుస్తకములో నైనను ఉండవలెను గదా!