ఆబోతు పాలు కొలిచిందెవరు?

మీరు హోసూరు వైపు ఉన్నా, కోలారు, బళ్ళారి వైపు ఉన్నా, పర్లాకిమిడి, నాందేడు, యానాం వైపు ఉన్నా తెల్లవారుజామున మీ ఊరి పాలకేంద్రం దగ్గర కనిపించేది ఒకటే. క్యాన్లు పట్టుకుని వరుసలో నిలబడిన మనుషులు, తూకం వేసే గుమాస్తా, వెన్న శాతం చూసే యంత్రం. ఒకే వీధిలో పక్కపక్క ఇళ్ళవాళ్ళు ఇద్దరు వస్తారు. ఇద్దరూ ఒకే చెరువు కింది గడ్డి కోస్తారు, ఒకే కొట్లో దాణా కొంటారు. ఒకరి ఆవు పూటకు ఎనిమిది లీటర్లిస్తే రెండోవారి ఆవు మూడు లీటర్లతో సరిపెడుతుంది. కాని ఆ మూడు లీటర్ల పాలే చిక్కగా ఉంటాయి.

ఎందుకని అడిగితే, "అది జాతి లక్షణమండీ" అని ఒక్క మాటలో తేల్చేస్తాం. మాట నిజమే. అయితే ఆ జాతి లక్షణం ఎక్కడినుంచి వచ్చింది? దాన్ని మనిషి ఎప్పుడు, ఎట్లా తెలుసుకున్నాడు? ఈవేళ ఆ చరిత్ర కొంచెం చెప్పుకుందాం. ఇది పుస్తకాలతో పోయే సంగతి కాదు. అప్పు చేసి ఆవును కొనే ప్రతి ఇంటికీ సంబంధించిన సంగతి.

ముందు మైసూరు రాజ్యానికి వెళదాం. 17వ శతాబ్ది చివర చిక్కదేవరాజ ఒడెయరు కాలంలో రాజుగారి ఆవుల మందలను చూసే శాఖకు "బెణ్ణె చావడి" అని పేరు. బెణ్ణె అంటే కన్నడంలో వెన్న. తరువాత టిప్పు సుల్తాను ఆ శాఖకు "అమృత మహల్" అని పేరు మార్చాడు. పాత పేరులో వెన్న ఉంది, కొత్త పేరులో అమృతం ఉంది. మందలు మాత్రం రానురాను పాలకోసం కాక సైన్యం కోసం పెరిగాయి. హైదరాలీ, టిప్పుల ఫిరంగి బళ్ళను, సామానును లాగినవి ఆ ఎద్దులే. 1799లో శ్రీరంగపట్టణం పడిపోయాక ఇంగ్లీషువారు ఆ మందలను స్వాధీనం చేసుకున్నది కూడా ఆ లాగుడు బలం చూసే.

ఇక్కడ ఒక సూత్రం ఉంది. తరతరాలుగా ఏ ఆబోతును మందలో ఉంచారు? గట్టి గిట్టలు, చురుకైన నడక ఉన్న ఎద్దులకు తండ్రి కాగలదాన్ని. పాలు తక్కువైనా ఎవరూ పట్టించుకోలేదు. అందుకే అమృతమహల్, హళ్ళికారు, ఆలంబాడి, బరుగూరు, ఖిల్లారి ఆవులు నేటికీ తక్కువ పాలే ఇస్తాయి. అది ఆ ఆవు తప్పు కాదు. మనం దాన్ని నాగలి అడిగాం, బండి అడిగాం, అది ఇచ్చింది. పాలు అడగలేదు.

మరి పాలు అడగాలంటే ఎట్లా? ఇక్కడొక చిక్కుంది. దూడకు సగం లక్షణాలు తల్లినుంచి, సగం తండ్రినుంచి వస్తాయి. తల్లి పాలు చెంబుతో కొలవచ్చు. ఆబోతు పాలివ్వదు కదా! దాని లోపల ఉన్న పాల లక్షణాన్ని ఎవరు కొలుస్తారు? మెడ చూసి, మూపురం చూసి, గంగడోలు చూసి ఎంచుకోవడం తప్ప వేల ఏళ్ళపాటు మరో దారి లేకపోయింది.

ఆ దారి డెన్మార్కు రైతులు వేశారు. 1890లో అమెరికాలో బాబ్‌కాక్ అనే శాస్త్రజ్ఞుడు పాలలో వెన్నను తేలికగా కొలిచే పద్ధతి కనిపెట్టాడు. ఆ వెంటనే స్విట్జర్లాండులో గెర్బర్ పద్ధతి వచ్చింది. మన పాలకేంద్రాల్లో ఎన్నో ఏళ్ళు వాడిన గాజు గొట్టాలు ఆ గెర్బరువే. 1895లో డెన్మార్కులోని వేయెన్ అనే ఊళ్ళో కొందరు రైతులు కలిసి ఒక సంఘం పెట్టుకున్నారు. సంఘం తరపున ఒక మనిషి కొట్టంకొట్టం తిరిగి, ప్రతి ఆవు పాలు తూచి, వెన్న చూసి, మేత ఎంత తిన్నదో కూడా పుస్తకంలో రాసేవాడు. అంతే. పెద్ద శాస్త్రమేమీ లేదు, ఒక పుస్తకం, ఒక త్రాసు. కాని కొన్నేళ్ళు గడిచేసరికి ఆ పుస్తకమే అసలు సంగతి చెప్పింది. ఒక ఆబోతుకు పుట్టిన కూతుళ్ళు పదిమంది బాగా పాలిస్తుంటే, మరో ఆబోతు కూతుళ్ళు పదిమందీ వెనకబడి ఉంటే, తేడా తండ్రులది. ఆబోతు పాలను దాని కూతుళ్ళ పొదుగుల్లో కొలవవచ్చునని అట్లా తేలింది.

1900లో మెండెల్ సూత్రాలు మళ్ళీ వెలుగులోకి వచ్చాక ఈ లెక్కకు శాస్త్రం తోడైంది. ఒకే మందలో ఆవుకూ ఆవుకూ పాలలో ఉన్న తేడాను పది పాళ్ళు అనుకుంటే, అందులో సుమారు రెండున్నర నుంచి మూడు పాళ్ళు పుట్టుకతో వచ్చినది. మిగతాదంతా మేత, నీరు, ఎండ, జబ్బులు, చూసుకునే చెయ్యి. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాం.

మన దక్షిణదేశంలో ఈ విద్యకు పీట పడింది బెంగుళూరులో. 1923లో అక్కడ ప్రభుత్వం పశుపోషణ, పాడి పరిశ్రమల సంస్థను స్థాపించింది. 1927లో విశ్రాంతికోసం బెంగుళూరు వచ్చిన గాంధీగారు ఆ సంస్థకు వెళ్ళి పశుపోషణ పాఠాలు తెలుసుకున్నారు. 1955లో ఆ సంస్థ ముఖ్యకేంద్రం హర్యానాలోని కర్నాలుకు మారింది, బెంగుళూరు శాఖ మిగిలింది.

ఇక 1939. మైసూరు ప్యాలెస్ డెయిరీలో సంపత్ కుమారన్ అనే పశువైద్యుడు మనదేశంలో మొదటిసారి కృత్రిమ గర్భధారణ చేశారు. సీమ హోల్‌స్టీన్ ఆబోతు వీర్యంతో మన హళ్ళికారు ఆవులు చూలు కట్టాయి. ఫిరంగి లాగిన వంశంలో పాల వంశం కలిసింది. పదేళ్ళ తరువాత, 1949లో, ఇంగ్లండులో గ్లిసరిన్ కలిపి వీర్యాన్ని గడ్డకట్టించి దాచే ఉపాయం దొరికింది. దానితో ఒక ఆబోతు ఒక ఊరిది కాకుండా పోయింది. వేల ఊళ్ళకు అది తండ్రి కాగలిగింది, చనిపోయాక కూడా.

1970లో పాలవెల్లువ పథకం మొదలయ్యాక ఈ సూది మన పల్లెలకు వచ్చింది. మొదటి తరం సంకర ఆవు చూసి అందరూ ఆశ్చర్యపోయారు. తల్లి ఓర్పు, తండ్రి పాలు రెండూ కలిసి వచ్చాయి. ఇంకేం, సగం సీమరక్తంతో ఇన్ని పాలైతే ముప్పాతిక రక్తంతో ఇంకెన్నో అనుకున్నాం. అక్కడే చాలా ఇళ్ళు దెబ్బతిన్నాయి. సీమపాలు పెరిగే కొద్దీ ఆవుకు మేత ఎక్కువ కావాలి, నీడ కావాలి, పిడుదులు, జ్వరాలు తట్టుకోలేదు. వేసవిలో రొప్పుతుంది, ఎదకు వచ్చినా చూలు నిలవదు. మూడు పాళ్ళు రక్తం, ఏడు పాళ్ళు పోషణ అన్న పాత లెక్క ఇక్కడ నిజమైంది. మన ఎండల్లో, మన మేతతో సగం నుంచి ఎనిమిదింట అయిదు పాళ్ళ వరకు సీమరక్తం చాలునని మన శాస్త్రజ్ఞులు చెబుతూ వచ్చింది అందుకే.

ఇప్పుడు మొదట చెప్పిన చిక్కటి పాల సంగతికి వద్దాం. 2002లో బెల్జియం, న్యూజిలాండు శాస్త్రజ్ఞులు ఆవు పద్నాలుగో క్రోమోజోములో ఒక జన్యువును పట్టుకున్నారు. దాని పేరు డీజీఏటీ వన్. పొదుగులో కొవ్వు తయారయ్యే చివరి మెట్టు దాని పని. ఆ జన్యువులో ఒకచోట చిన్న అక్షరదోషం లాంటి తేడా ఉంది. ఒక రకమున్న ఆవు పాలు ఎక్కువగా, పలచగా ఇస్తుంది. రెండో రకమున్న ఆవు తక్కువగా, చిక్కగా ఇస్తుంది. ఒక ఈతలో వందల లీటర్ల తేడా ఈ ఒక్కచోటినుంచే రావచ్చు. మూపురమున్న మన నాటు ఆవుల్లోనూ, గేదెల్లోనూ దాదాపు అంతటా ఉన్నది ఆ చిక్కటి రకమే. మన అమ్మమ్మలు జాతి లక్షణమని అన్న మాటకు సాక్ష్యం అక్కడ దొరికింది. అయితే పాల దిగుబడి అంతా ఒక్క జన్యువు చేతిలో లేదు. వేల జన్యువులు తలా ఒక చుక్క వేస్తాయి.

2009లో ఆవు జన్యుపటం పూర్తిగా ప్రకటించారు. అదే ఏడాది అమెరికాలో దూడ నెత్తురు చుక్క చూసి ఆబోతు విలువ అంచనా కట్టే పద్ధతి అధికారికంగా మొదలైంది. మనదేశంలో కూడా నాటు ఆవులకోసం "గౌ చిప్", గేదెలకోసం "మహిష చిప్" అనే పరీక్షా సాధనాలను 2024లో విడుదల చేశారు.

ఇంత తెలిశాక భయం లేదనుకోవచ్చునా? ఒక ఆబోతు కథ వినండి. 1962లో అమెరికాలో పుట్టిన ఆ హోల్‌స్టీన్ ఆబోతును చీఫ్ అని పిలిచేవారు. దాని కూతుళ్ళు 16,000. మనుమరాళ్ళు 5 లక్షలకు పైన, మునిమనుమరాళ్ళు 20 లక్షలకు పైన. పాలు పొంగించిన మహాతండ్రి అది. కాని దానిలో ఎవరికీ కనిపించని ఒక దోషం కూడా ఉంది. ఆ దోషం తల్లివైపునుంచి, తండ్రివైపునుంచి రెండువైపులా వచ్చిన దూడ కడుపులోనే చనిపోతుంది. దానివల్ల ప్రపంచమంతటా సుమారు 5 లక్షల చూళ్ళు పోయాయని తరువాత లెక్కగట్టారు. ఆ దోషం ఏ జన్యువులో ఉందో 2016లోగాని బయటపడలేదు. అన్ని కొట్టాలూ ఒక్క తండ్రి మీద ఆధారపడితే దాని మేలుతోపాటు దాని కీడు కూడా అన్ని కొట్టాలకూ చేరుతుంది.

ఇందుకు ఎదురుగా ఇంకో కథ ఉంది. కాఠియావాడు గిర్ ఆవులు, మన ఒంగోలు పశువులు గత రెండు శతాబ్దాల్లో ఓడలెక్కి బ్రెజిల్ వెళ్ళాయి. ఒంగోలు జాతిని అక్కడ మాంసం కోసం ఎంచుకున్నారు. నెల్లూరు పేరుతో అక్కడ "నెలోర్" అయింది. గిర్‌ను పాలకోసం ఎంచుకుని, 1985 నుంచి ఆబోతులను కూతుళ్ళ పాల లెక్కతో పరీక్షించడం మొదలుపెట్టారు. నేడు పాడి గిర్ ఆవు బ్రెజిల్‌లో పేరున్న పాలజాతి. వెళ్ళింది మన ఆవే. దానిలో పాల తేడాలు ముందునుంచీ ఉన్నాయి. కొలిచి, రాసి, ఎంచుకున్నవాడికి అవి కనబడ్డాయి.

శ్రోతలారా, 1956లో మన మధ్య రాష్ట్రాల గీతలు గీశారు. హళ్ళికారు, దేవణి, మోటు జాతులు ఆ గీతలను ఎరగవు. ఏ రాష్ట్రం లెక్కలో రాసినా అవి మన కొట్టాల్లోవే. వాటి ఆబోతులు కనుమరుగైతే, రేపటి ఎండలను తట్టుకునే లక్షణం మళ్ళీ ఎక్కడా కొనడానికి దొరకదు. కనుక రెండు చిన్న పనులు చేయండి. సూది వేయించిన రోజున ఆ సన్నని గొట్టం మీద ఆబోతు నంబరు ముద్రించి ఉంటుంది, అడిగి రాసుకోండి. అదే నంబరు ఆ పెయ్య కడుపున మళ్ళీ పడకుండా చూసుకోండి. రెండోది, నెలకొకసారైనా ఆవు పాలు ఉదయం, సాయంత్రం తూచి, తేదీ వేసి రాయండి. వేయెన్ రైతుల దగ్గర ఉన్నది కూడా ఒక త్రాసు, ఒక పుస్తకమే. మీ ఇంట్లో పిల్లలు చదివేసిన నోటుబుక్కులో వెనక కాగితాలు మిగిలే ఉంటాయి.