మురుగు కాలువకి స్థలం ఎవరిది?

హైదరాబాదులో భూగర్భ మురుగు కాలువలు ఎవరు వేయించారంటే చాలామంది నిజాం అంటారు. నిజమే, కానీ ఆ ఆలోచన చెప్పింది మన కోలారు జిల్లాలో పుట్టిన మనిషి. మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి ముద్దేనహళ్ళి 2007 దాకా మన జిల్లాలోనే ఉండేది, ఇప్పుడు చిక్కబళ్ళాపురంలోకి పోయింది. ఆయన పూర్వీకులది ఆంధ్రాలోని మోక్షగుండం. మనలాగే వలసొచ్చినవాళ్ళు.

1908 సెప్టెంబరులో మూసీ పొంగి ఊరు కొట్టుకుపోయాక నిజాం ప్రభుత్వం ఆయన్ని పిలిపించింది. వరద ఆపడానికి రిజర్వాయర్లు, ఊరికి మురుగు కాలువలు, రెండూ కావాలన్నారాయన. (కన్నడ బడిలో మేం దీన్ని 'ఒళచరండి' అని రాసేవాళ్ళం. నాకు ఇప్పటికీ ఆ మాటే ముందు వస్తుంది.) 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టారు. ఇరుకు బస్తీల్లో ఇళ్ళూ స్థలాలూ తీసుకుని, కూల్చి, రోడ్లు వెడల్పు చేసి, వేరేచోట ఇళ్ళు కట్టారు. పాత ఊళ్ళో పైపు వెయ్యాలంటే ఎవరిదో ఒకరి గోడ అడ్డం వస్తుంది. నోటీసు, పరిహారం, కోర్టు, అన్నీ అయ్యేసరికి ఏళ్ళు పడుతుంది.

మన కేజీఎఫ్‌లో ఆ అడ్డమే లేదు. 1880 నుంచి గనులు నడిపింది జాన్ టేలర్ కంపెనీ. లైన్ ఇళ్ళన్నీ కంపెనీవే, కూలివాళ్ళకి సొంత గోడ ఒక్కటి లేదు. కాలువ తవ్వాలంటే ఎవర్నీ అడిగే పని లేదు. 1902లో శివసముద్రం నుంచి కరెంటు తెచ్చారు. బేతమంగలం నుంచి నీళ్ళు తెచ్చారు. ఛాంపియన్ రీఫ్‌లో 3 కిలోమీటర్లకు పైగా లోతుకి దిగారు. లైన్లలో మాత్రం బుట్టతో ఎత్తిపోసే కక్కసులే.

1956లో గనులు మైసూరు ప్రభుత్వానికి వచ్చాయి, 1972లో బీజీఎంఎల్ అయింది. యజమాని మారినా ఆ బుట్టలు మారలేదు. అవి మోసినవాళ్ళలో చాలామంది తెలుగువాళ్ళే. మనం రాసుకునే కుటుంబ చరిత్రల్లో మేస్త్రీలు, గుమాస్తాలు కనిపిస్తారు, వీళ్ళు కనిపించరు. నాకు అది బాగా అనిపించదు.

బెజవాడ విల్సన్‌గారు 1966లో ఇక్కడే, అలాంటి ఇంట్లో పుట్టారు. 1986 నుంచి కంపెనీకి ఉత్తరాలు రాశారు. జవాబు రాకపోతే కక్కసుల ఫోటోలు తీసి ఢిల్లీకి పంపారు. అప్పుడుగానీ వాటిని మార్చే పని మొదలుకాలేదు. 1993లో చట్టం వచ్చింది. అయినా 2011లో కేజీఎఫ్‌లోనే మలం గుంత శుభ్రం చేస్తూ ముగ్గురు చనిపోయారు. 2013లో మళ్ళీ ఇంకో చట్టం. మరుసటి ఏడు సుప్రీంకోర్టు, 1993 నుంచి ఇలా పోయినవాళ్ళ కుటుంబాలకి 10 లక్షలు ఇవ్వాలంది. 2016లో విల్సన్‌గారికి మెగసెసే అవార్డు వచ్చింది.

2001 ఫిబ్రవరి 28న గనులు మూసేశారు. అంతకుముందు కాలువ వెయ్యడానికి ఒక్క యజమాని ఉండేవాడు. తర్వాత భూమి మూతపడ్డ కంపెనీ పేరున, ఇళ్ళల్లో పాత కార్మికులు, పక్కన రాబర్ట్‌సన్‌పేట మునిసిపాలిటీ. 2018 నుంచి కేసీ వ్యాలీ పథకం కింద బెంగళూరు మురుగునీటిని శుద్ధి చేసి పైపుల్లో కోలారు చెరువులకి పంపుతున్నారు. అంత దూరం పైపుకి దారి దొరికింది మరి.

ఛాంపియన్ రీఫ్, మారికుప్పం లైన్లలో ఆ పని చేసినవాళ్ళు మీ పెద్దవాళ్ళకి గుర్తుంటే, వాళ్ళని ఒకసారి అడిగి మాకు రాయండి.