చింతల నడుమ ఒక చక్రవర్తి

సంసారమున చిక్కులు లేని గృహస్థుడు లేడు. ఋణదాత ఒత్తిడి, అన్నదమ్ముల పంపకములు, వానలు వెనుకపడుట, ఇంట జబ్బు, వీనిలో ఏదో యొకటి మనస్సును తొలుచుచునే యుండును. ఊరి పెద్దలకు తమ యింటి చింతతోపాటు ఊరివారి చింతయు తోడగును. ఈ చిక్కులు తీరిన పిమ్మట మనస్సు కుదుటపడునని మనమందరమును అనుకొందుము. చిక్కులు తీరకయే మనస్సును కుదుటపరచుకొన యత్నించిన యొక మహాపురుషుని చరిత్రమును ఇచ్చట మనవి చేసెదను.

ఆయన రోము చక్రవర్తి మార్కస్ ఆరీలియస్. క్రీ. శ. 121వ సంవత్సరమున జన్మించెను. మన ఆంధ్రభూమిని శాతవాహనులు ఏలుచుండిన కాలమది. పసితనముననే తండ్రి గతించెను. 138లో ఆంటొనైనస్ పయస్ ఆయనను దత్తు చేసికొనెను. ఆ దత్తతండ్రి మరణానంతరము 161లో మార్కస్ సింహాసన మెక్కి, తనతోపాటు దత్తుడైన లూషియస్ వీరస్‌ను సహపాలకునిగా చేసికొనెను.

నాటినుండి ఆయనకు విశ్రాంతి యన్నది లేదు. టైబరు నది పొంగి రోమునగరమును ముంచెను. వెంటనే కరవు వచ్చెను. తూర్పున పార్థియనులతో యుద్ధము మొదలయ్యెను. 166లో ఆ యుద్ధము ముగియునప్పటికి, మరలివచ్చు సైనికుల వెంట ఒక మహామారి బయలుదేరి, ఏండ్ల తరబడి సామ్రాజ్యమును పీడించెను. అది మసూచికమై యుండునని పండితులలో పలువురి యభిప్రాయము. ఉత్తరమున జర్మను తెగలు డాన్యూబు నదిని దాటి ఇటలీవరకు చొచ్చుకొని వచ్చెను. 169లో సహపాలకుడు మరణించెను. బొక్కసము వట్టిపోగా, ప్రజలపై క్రొత్త పన్ను వేయ మనసొప్పక, అంతఃపురములోని బంగారు పాత్రలను, పట్టపురాణి పట్టువస్త్రములను సైతము బహిరంగముగా వేలము వేయించెనని ప్రాచీన చరిత్రము చెప్పుచున్నది. ఇంటి సంగతి అంతకన్న దుఃఖకరము. కలిగిన సంతానములో సగముకన్న ఎక్కువ మంది చిన్ననాటనే పోయిరి. కుమారులలో కొమ్మొడస్ ఒక్కడే మిగిలెను. చక్రవర్తి దేహము సైతము దుర్బలము.

ఇట్టి దినములలో, డాన్యూబు తీరమున దండు విడిసియున్న కాలమున, ఆయన గ్రీకు భాషలో కొన్ని మాటలు వ్రాసికొనెను. అవి లోకమునకు చెప్పిన నీతులు గావు. తనకు తాను చెప్పుకొన్న హెచ్చరికలు. నేడవి పండ్రెండు భాగముల గ్రంథముగా దొరకుచున్నవి. అందు మొదటి భాగమంతయు కృతజ్ఞతయే. తాత, తండ్రి, తల్లి, గురువులు, వీరిలో ఎవరివలన ఏ సుగుణము అబ్బెనో ఒక్కొక్కటిగా లెక్క వ్రాసికొనెను.

ఆయన సాధన కఠినమైనది కాదు. ఉదయముననే, నేడు కృతఘ్నులును అసూయాపరులును ఎదురుపడుదురని ముందుగా తలచుకొనును; ఎదురైనప్పుడు ఇక ఆశ్చర్యము లేదు, కోపమునకు చోటు తక్కువ. మనస్సు అలసినపుడు కొండలకును సముద్రతీరమునకును పరుగెత్తనక్కరలేదనియు, క్షణకాలము తనలోనికి తాను మరలిన చాలుననియు భావించెను. మన చేతిలోనున్న దేది, లేని దేది యని విడదీసి చూచుట ఆయన ఎపిక్టీటస్ అను తత్త్వవేత్త బోధలనుండి గ్రహించెను. ఆ ఎపిక్టీటస్ ఒకప్పుడు బానిస. సామ్రాజ్యాధిపతి బానిసయైన వానికి శిష్యుడగుటకు సిగ్గుపడలేదు. స్థితప్రజ్ఞుని లక్షణములు గీతలో చదివిన మన పెద్దలకు ఈ భావములు క్రొత్తగా తోపవు.

ఆ గ్రంథమున ఒక విశేషము గలదు. కోపమును గూర్చియు, కీర్తికాంక్షను గూర్చియు, మరణభయమును గూర్చియు ఒకే హెచ్చరిక మరల మరల వచ్చును. ఒకమారు వ్రాసినంతనే అవి తొలగిపోలేదన్నమాట. కరణము ఏనాటి లెక్క ఆనాడు సరిచూచినట్లు, ఆయన తన మనస్సును పదే పదే సరిచూచుకొనెను. శాంతి ఆయనకు ఒకనాడు చేతికి వచ్చిన ఫలము కాదు. నిత్యము చేయవలసిన సేద్యము.

ఆ సాధనకు 175లో గట్టి పరీక్ష వచ్చెను. చక్రవర్తి మరణించెనను వదంతి విని, అవీడియస్ కాషియస్ అను సేనాని తూర్పున తానే చక్రవర్తినని ప్రకటించుకొనెను. మూడు మాసములైన గడవకమునుపే స్వజనులే వానిని చంపి, తలను పంపిరి. మార్కస్ దానిని చూడ నిరాకరించి ఖననము చేయించెను. కుట్రలో చేరినవారి ఉత్తరములను చదువకయే తగులబెట్టించెనని చరిత్రకారుడగు డియో వ్రాసెను. చదివియున్నచో ఎందరి ప్రాణములు పోయియుండెడివో!

భయక్రోధములు దేహము నెట్లు కుదిపివేయునో అమెరికా శాస్త్రజ్ఞుడు వాల్టర్ కానన్ 1915లో ఒక గ్రంథమున వివరించెను. మూత్రపిండములపైనున్న చిన్న గ్రంథులు రక్తములోనికి ఒక ద్రవ్యమును విడుచును, గుండె వడిగా కొట్టుకొనును, జీర్ణక్రియ మందగించును. ఆపద తొలగిన పిమ్మట అది శమింపవలెను. అనుదినము చింతించువానికి శమించు వ్యవధి యేది? చక్రవర్తి తనకై కల్పించుకొన్నది ఆ వ్యవధినే.

మనశ్శాంతి సర్వమును చక్కబెట్టునని చెప్పరాదు. 177లో సహపాలకుడైన కొమ్మొడస్ దుష్పాలకుడై, 192లో హత్యకు గురియయ్యెను. మార్కస్ 180లో సరిహద్దు దండులోనే కన్నుమూసెను. అప్పటికిని యుద్ధము ముగియలేదు. కాని, చిక్కులు చుట్టుముట్టియున్నను క్రూరుడు గాకుండ, కర్తవ్యమును విడువకుండ ఆయన పందొమ్మిదేండ్లు పాలించెను. పెద్దలు రచ్చబండకు బోవుటకు ముందు ఒక్క గడియ తమ మనస్సు లెక్క చూచుకొన్నచో, తమకును మేలు, తీర్పు కోరి వచ్చిన వారికిని మేలు.